పోయిన టికెట్, ఆగిన లైసెన్స్: టెక్సాస్ చిన్న కౌంటీలో కేసు వెతుక్కోవడం ఎలా?

ప్రశ్న: అక్కా, నేను డాలస్ దగ్గర ఉంటున్నాను. వయసు 26. ఎంఎస్ అయిపోయి ఓపీటీలో, అంటే స్టూడెంట్ వీసా మీదే చదువు తర్వాత ఇచ్చే పని అనుమతితో, ఉద్యోగం చేస్తున్నాను. మార్చిలో నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి 287 హైవే మీద కొలరాడో వెళ్తుంటే, దారిలో ఏదో చిన్న కౌంటీలో ట్రూపర్ (రాష్ట్ర హైవే పోలీసు) ఆపాడు. స్పీడ్ లిమిట్ 75 మైళ్లు ఉన్నచోట 89లో వెళ్తున్నానని టికెట్ ఇచ్చాడు. కారు మా రూమ్మేట్‌ది. ఆ కాగితం ఎక్కడో పోయింది. "పల్లెటూరి కౌంటీ, ఎవరూ పట్టించుకోరు" అని ఒకడన్నాడు. "ఇంటికి లెటర్ వస్తుంది, అప్పుడు కడదువులే" అని ఇంకొకడు. లెటర్ రాలేదు. మేలో నేను ఇల్లు కూడా మారాను. ఇప్పుడు లైసెన్స్ రెన్యువల్‌కి వెళ్తే హోల్డ్ ఉంది, కుదరదన్నారు. అక్టోబర్‌లో లైసెన్స్ గడువు అయిపోతుంది. డిసెంబర్‌లో చెల్లి పెళ్లికి గుంటూరు వెళ్లాలి, వీసా స్టాంపింగ్ కూడా అప్పుడే. ఆన్‌లైన్‌లో ఎంత వెతికినా నా పేరు మీద ఏమీ రావడం లేదు. కౌంటీ పేరు కూడా గుర్తు లేదు. ఫోన్ చేస్తే వారంట్ ఉందని పట్టుకుంటారేమోనని భయం. నాన్నకు ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

తమ్ముడూ, ముందుగా ఒక మాట. నీ ఉత్తరంలో నిన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెడుతున్నది ఆ హోల్డ్. కానీ నీ టికెట్ ఎక్కడుందో చెప్పేది కూడా అదే. అది లేకపోతే టెక్సాస్‌లో ఉన్న 254 కౌంటీల్లో నీ కాగితం ఏ కౌంటీలో ఉందో ఊహించుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది. టికెట్ మీద ఉన్న తేదీలోపు నువ్వు ఏ జవాబూ చెప్పకపోతే కోర్టు ఆ సంగతి లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ డీపీఎస్‌కి పంపుతుంది. డీపీఎస్ నీ లైసెన్స్ రెన్యువల్ ఆపుతుంది. ఈ ఏర్పాటును ఫెయిల్యూర్ టు అప్పియర్ ప్రోగ్రామ్ అంటారు. దీన్ని నడిపేది ఆమ్నీబేస్ అనే సంస్థ. వాళ్ల వెబ్‌సైట్‌లో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ ఇస్తే నీ కేసు ఏ కోర్టులో ఉందో, ఆ కోర్టు ఫోన్ నంబరు ఏమిటో వస్తుంది. ఈ ఉత్తరం చదవడం ఆపి అయినా సరే, ముందు ఆ పని చెయ్.

పేరుతో మాత్రం వెతకకు. మన పేర్లు అక్కడ ఎన్ని రకాలుగా మారతాయో నేను చాలాసార్లు చూశాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఒక వరుసలో ఉంటాయి, లైసెన్స్ మీద ఇంకో వరుసలో. వెంకట సాయి అని రెండు ముక్కలుగా ఉన్న పేరులో ఒక ముక్క మిడిల్ నేమ్ అయిపోతుంది. కొందరికి వీసాలో పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడితే అదే అసలు పేరు అనుకుని ఎక్కించేస్తారు. క్లర్క్ ఒక అక్షరం తప్పు కొట్టినా వెతుకులాటలో నీ పేరు కనబడదు. పుట్టిన తేదీలో ముందు నెల, తర్వాత రోజు అన్న సంగతి మర్చిపోయి తలకిందులుగా కొట్టిన వాళ్లూ ఉన్నారు. లైసెన్స్ నంబరు మాత్రం మారదు. ఏ కోర్టుకు ఫోన్ చేసినా మొదట ఆ నంబరే చెప్పు.

ఇంకా హోల్డ్ పడకుండా, కాగితం మాత్రమే పోగొట్టుకున్న వాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకూ దారి చెప్తాను. ఆపింది ఎవరో గుర్తు తెచ్చుకోండి. ఊరి పోలీసు అయితే టికెట్ ఆ ఊరి మునిసిపల్ కోర్టుకు వెళ్తుంది. రాష్ట్ర ట్రూపర్, షెరిఫ్ డెప్యూటీ (కౌంటీ పోలీసు) ఇచ్చిన టికెట్లు కౌంటీలోని జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు వెళ్తాయి. దాన్నే అందరూ జేపీ కోర్టు అంటారు. కౌంటీ ఏదో తెలియకపోతే ఫోన్‌లో ఆ రోజు తీసిన ఫొటోల టైమ్ చూడండి, గూగుల్ మ్యాప్స్‌లో టైమ్‌లైన్ ఆన్‌లో ఉంటే అది చూడండి, పెట్రోల్ పోయించుకున్న కార్డు స్టేట్‌మెంట్ తీయండి. 287 మీదే ఒక ఉదాహరణ చెప్తాను. చైల్డ్రెస్ ఊళ్లో ఆగి కాఫీ తాగి, మెంఫిస్ వైపు 20 మైళ్లు వెళ్లాక ఆపారనుకోండి, అప్పటికే మీరు చైల్డ్రెస్ కౌంటీ దాటి హాల్ కౌంటీలోకి వచ్చేశారు. పావుగంట తేడాతో కౌంటీ మారిపోతుంది. పెద్ద కౌంటీల్లో జేపీ కోర్టులు ప్రిసింక్టుల (కౌంటీలోని చిన్న విభాగాల) వారీగా చాలా ఉంటాయి, చిన్న కౌంటీలో ఒకటో రెండో ఉంటాయి. సరిహద్దు దగ్గర అనుమానం వస్తే రెండు కౌంటీలకూ ఫోన్ చేయండి. టికెట్ రాసిన రోజే కోర్టు కంప్యూటర్‌లో ఉండదు. ట్రూపర్ పంపాలి, క్లర్క్ ఎక్కించాలి. మొదటి వారంలో "మా దగ్గర లేదు" అన్నారంటే టికెట్ లేదని కాదు, ఇంకా అందలేదని. వారం తర్వాత మళ్లీ అడగండి.

ఇప్పుడు "పల్లెటూరి కౌంటీ, ఎవరూ పట్టించుకోరు" అన్న మాట గురించి. ఇది మన అలవాటులోంచి వచ్చిన మాట. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చలానా బండికి పడుతుంది. బండి నంబరు కొడితే మొత్తం లిస్టు వస్తుంది, ఫోన్‌లోనే కట్టేస్తాం. కట్టకుండా ఆగితే రాయితీ కూడా రావచ్చు. 2023 డిసెంబర్ చివర్లో తెలంగాణలో పెండింగ్ చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 80 శాతం తగ్గించారు. అలా పెరిగిన మనకు ఆగితే మంచిదే అనిపించడంలో ఆశ్చర్యం లేదు. కానీ నీకు వచ్చింది చలానా కాదు. కారు రూమ్మేట్‌దైనా, హోల్డ్ పడింది నీ లైసెన్స్ మీద. టెక్సాస్‌లో స్పీడింగ్ టికెట్ అంటే క్లాస్ సి మిస్‌డిమీనర్, అంటే అన్నిటికంటే చిన్న తరగతి నేరం. జైలు ఉండదు, జరిమానా మాత్రమే. అయినా అది క్రిమినల్ కోర్టులో నీ పేరు మీద నడిచే కేసు. ట్రూపర్ చూపించిన చోట నువ్వు సంతకం పెట్టావు కదా, అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఫలానా తేదీలోపు కోర్టుకు జవాబు చెప్తానని ఇచ్చిన మాట. ఆ మాట తప్పితే దానికి ఇంకో కేసు పెట్టొచ్చు. కాబట్టి నీ మీద ఇప్పుడు ఒక కేసు ఉందా, రెండున్నాయా అన్నది మొదట తెలుసుకోవాలి.

ఆ ఊళ్లో జేపీ ఆఫీసు ఎలా ఉంటుందో తెలిస్తే నీ భయం సగం తగ్గుతుంది. కోర్టు అనగానే మనకు నల్ల కోట్లు, జనం, వాయిదాలు గుర్తొస్తాయి. ఇక్కడ ఒక జడ్జి, ఒకరో ఇద్దరో క్లర్కులు. జేపీ జడ్జిని ఆ ఊరి జనమే ఓటు వేసి ఎన్నుకుంటారు, ఆయన లాయరై ఉండాలన్న నియమం కూడా లేదు. ట్రాఫిక్ టికెట్లు, అద్దె ఇల్లు ఖాళీ చేయించే కేసులు, చిన్న అప్పుల తగాదాలు ఆయనే చూస్తారు. పెళ్లిళ్లు కూడా చేస్తారు. మరణాలను పరిశీలించే డాక్టరు, అంటే మెడికల్ ఎగ్జామినర్, లేని కౌంటీల్లో ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే అక్కడికి వెళ్లి విచారించేదీ ఆయనే. అందుకే నువ్వు ఫోన్ చేసినప్పుడు జడ్జి ఆఫీసులో లేకపోతే కంగారు పడకు. నీ పని జరగాల్సింది క్లర్క్ దగ్గర. భోజనం టైములో ఫోన్ ఎత్తేవాళ్లు లేకపోవచ్చు, శుక్రవారం మధ్యాహ్నం దొరక్కపోవచ్చు. సోమవారం గానీ మంగళవారం గానీ ఉదయం 9 దాటాక చెయ్. ఎత్తకపోతే వాయిస్ మెసేజ్‌లో పేరు, లైసెన్స్ నంబరు, ఫోన్ నంబరు నిదానంగా రెండుసార్లు చెప్పు, మర్నాడు మళ్లీ చెయ్.

ఫోన్ చేస్తే పట్టుకుంటారా అన్నావు. క్లర్క్ ఉన్నది కేసులు ముగించడానికి. ముగించుకుంటానని నీ అంతట నువ్వే వస్తే ఆవిడకు కావలసిందీ అదే. మొదటిసారి రాలేదని వారంట్ ఇచ్చే ముందు కూడా టెక్సాస్‌లో కోర్టు ఫోన్ ద్వారా గానీ పోస్టు ద్వారా గానీ నోటీసు పంపాలి. నీకు అందలేదంటే అది నీ పాత అడ్రసుకు వెళ్లి ఉంటుంది. వారంట్ ఇచ్చినా, అది అమలు కాకముందే నీ అంతట నువ్వు కోర్టుకు వచ్చి నిజాయితీగా పరిష్కరించుకునే ప్రయత్నం చేస్తే, రానందుకు ఇచ్చిన ఆ వారంట్‌ను జడ్జి వెనక్కి తీసుకోవాలని చట్టంలోనే ఉంది. 2017లో వచ్చిన మార్పు ఇది. అసలు ప్రమాదం ఫోన్ చేయడంలో లేదు. వారంట్ ఉండగా ఏమీ చేయకుండా కారు నడిపి, ఏ టెయిల్ లైట్ వెలగలేదనో ఇంకో పోలీసు ఆపినప్పుడు ఉంది.

ఫోన్‌లో మర్యాదగా, సూటిగా మాట్లాడు. "మేడమ్, మార్చిలో మీ కౌంటీలో 287 మీద నాకు ఒక సైటేషన్ (టికెట్) ఇచ్చారు. కాగితం పోయింది. నా కేసు వివరాలు తెలుసుకుని పరిష్కరించుకోవాలనుకుంటున్నాను" అను. లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ, పేరులో ఒక్కో అక్షరం చెప్పు. పెన్ను దగ్గర పెట్టుకో. కాజ్ నంబరు, అంటే కోర్టులో నీ కేసు నంబరు, అడిగి రాసుకో, ఇక నుంచి నీ కేసును ఆ నంబరుతోనే వెతుకుతారు. ఎన్ని ఆరోపణలున్నాయి, వారంట్ ఉందా, మొదటి తేదీ ఎప్పుడు దాటింది, ఏ కాగితాలు ఈమెయిల్‌లో తీసుకుంటారు, ఏవి పోస్టులోనే పంపాలి, ఇవన్నీ అడుగు. మాట్లాడిన క్లర్క్ పేరు, తేదీ కూడా రాసుకో. నువ్వు ఎంత స్పీడులో వెళ్లావు, ఎందుకు వెళ్లావు అన్న కథ మాత్రం ఆవిడకు చెప్పొద్దు. ఆవిడ అడగదు, నువ్వు చెప్పాల్సిన అవసరమూ లేదు. ఏ ప్లీ (తప్పు ఒప్పుకుంటున్నావా లేదా అని కోర్టుకు ఇచ్చే జవాబు) ఇవ్వమంటారని ఆవిడను అడిగినా లాభం లేదు, క్లర్కులు న్యాయ సలహా ఇవ్వకూడదు. పద్ధతి ఏమిటో మాత్రం ఓపిగ్గా చెప్తారు.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ఎంతో చెప్పమని అడిగి అప్పటికప్పుడు కార్డు మీద కట్టేస్తారు. టెన్షన్ పోతుంది, నిజమే. కానీ జరిమానా కట్టడం అంటే శిక్షను ఒప్పుకోవడమే. స్పీడింగ్‌లో దోషి అని నీ డ్రైవింగ్ రికార్డులోకి వెళ్తుంది, ఇన్సూరెన్స్ పెరగొచ్చు. రెండో ఆరోపణ కూడా ఉంటే, రెండిటికీ కలిపి కట్టావంటే రెండు శిక్షలు నీ పేరు మీద పడతాయి. కట్టే ముందు అడగాల్సిన మాటలు రెండున్నాయి: డ్రైవింగ్ సేఫ్టీ కోర్స్, డిఫర్డ్ డిస్పొజిషన్.

కోర్స్ సంగతి చెప్తాను. డిఫెన్సివ్ డ్రైవింగ్ అని అందరూ అనేది దీన్నే. టెక్సాస్ లైసెన్స్ ఉండి, గత 12 నెలల్లో టికెట్ కోసం ఈ కోర్స్ వాడుకోకుండా, ఇన్సూరెన్స్ చూపించగలిగితే అడగొచ్చు. లిమిట్ కంటే 25 మైళ్లు గానీ అంతకు మించి గానీ వెళ్లినా, 95 గానీ ఆపైన గానీ వెళ్లినా కుదరదు. పనివాళ్లున్న కన్‌స్ట్రక్షన్ జోన్‌లో పడిన టికెట్‌కీ కుదరదు. నీది 75లో 89, అంటే 14 ఎక్కువ. ఆ లెక్కన నువ్వు సరిపోతావు. కోర్టు ఒప్పుకున్నాక 90 రోజుల్లో టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర శాఖ అనుమతి ఉన్న కోర్స్ ఆన్‌లైన్‌లోనే పూర్తి చేసి, ఆ సర్టిఫికెట్‌తో పాటు డీపీఎస్ నుంచి తెచ్చిన 3ఎ రకం డ్రైవింగ్ రికార్డు పంపితే స్పీడింగ్ కేసు కొట్టేస్తారు. కోర్టు ఖర్చులు మాత్రం కట్టాలి, అవే 100 డాలర్లు దాటుతాయి. నీ చిక్కు ఏమిటంటే, ఇది హక్కుగా అడగాల్సింది టికెట్ మీద ఉన్న తేదీలోపు. ఆ తేదీ దాటిపోయింది. అయినా కేసు తుది తీర్పు కాకముందు జడ్జి తన ఇష్టం మీద ఇవ్వొచ్చు. కాబట్టి హక్కుగా కాకుండా విన్నపంగా రాయి. ఒక పేజీ చాలు. కాగితం పోయిన సంగతి, ఇల్లు మారిన తేదీ, ఇంతకు ముందు టికెట్లు లేకపోతే ఆ సంగతి, కోర్స్‌కి అనుమతి కోరుతున్నానని రాయి. చిన్న కోర్టులో ఆ ఉత్తరం జడ్జి స్వయంగా చదువుతారు. సాకులు చెప్పకు, జరిగింది జరిగినట్టు రాయి.

డిఫర్డ్ అంటే జడ్జి నీకు కొంత గడువు ఇస్తారు, 180 రోజుల వరకు. ఆ గడువులో ఇంకో టికెట్ లేకుండా, చెప్పిన షరతులు పాటిస్తే కేసు కొట్టేస్తారు. 25 ఏళ్ల లోపు వాళ్లకు ఇందులోనూ కోర్స్ తప్పనిసరి, నీకు 26 కాబట్టి జడ్జి ఇష్టం. ఇది కూడా జడ్జి దయ మీద ఆధారపడిందే. రెండిటి కోసమూ సాధారణంగా నో కాంటెస్ట్ (ఆరోపణతో వాదించను) అనో గిల్టీ (తప్పు ఒప్పుకుంటున్నాను) అనో ప్లీ ఇవ్వాల్సి ఉంటుంది. ట్రక్కులు నడిపే సీడీఎల్ లైసెన్స్ ఉన్నవాళ్లకు ఈ రెండు దారులూ మూసే ఉంటాయి. ఇప్పుడు మనవాళ్లు ఆ పనిలోనూ ఉన్నారు కాబట్టి చెప్తున్నాను.

లాయర్ కావాలా అంటే, మామూలు స్పీడింగ్ టికెట్, తేదీ దాటని టికెట్ అయితే అక్కర్లేదనే చెప్పేదాన్ని. నీ పరిస్థితి వేరు. ఫోన్‌లో వారంట్ ఉందనో, ఫెయిల్యూర్ టు అప్పియర్ అనే రెండో కేసు పెట్టారనో తెలిస్తే మాత్రం డబ్బు చూసుకోకుండా లాయర్‌ను పెట్టుకో. డాలస్‌లో పెద్ద బోర్డు పెట్టుకున్న వాళ్లకంటే ఆ కౌంటీలో గానీ పక్క కౌంటీలో గానీ ప్రాక్టీస్ చేసే లాయర్ మేలని నా నమ్మకం. ఆ జడ్జి, అక్కడ కేసులు వాదించే కౌంటీ అటార్నీ ఆయనకు రోజూ కనబడే మనుషులు. స్టేట్ బార్ ఆఫ్ టెక్సాస్ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో వెతకొచ్చు. ఆయన్ను అడగాల్సింది ఒక్కటే: స్పీడింగ్‌ను కోర్స్ మీదో డిఫర్డ్ మీదో ముగించి, రెండో కేసును కొట్టేయించగలరా అని. ఇంకా చదువుకుంటున్న వాళ్లయితే మీ యూనివర్సిటీలో విద్యార్థులకు ఉచిత న్యాయ సహాయం ఉందేమో ముందు కనుక్కోండి. చాలా చోట్ల ఉంటుంది, మనవాళ్లు వాడుకోరు.

స్టాంపింగ్ గురించి నీ భయం నాకు అర్థమవుతోంది. 2025 ఏప్రిల్‌లో వేల మంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (ప్రభుత్వం దగ్గర ఉండే విదేశీ విద్యార్థుల వివరాలు) ఉన్నట్టుండి రద్దు చేశారు. వాళ్లలో కొందరి మీద ఉన్నవి చిన్న ట్రాఫిక్ కేసులే. కోర్టుల్లో దావాలు పడ్డాక అదే నెల చివర్లో ఆ రికార్డులను తిరిగి నిలబెట్టారు. ఆ నెలంతా నాకు ఫోన్ చేసిన పిల్లల గొంతులు నేను మర్చిపోలేదు. అందుకే చిన్నదేలే అని ఎవరికీ చెప్పను, జీవితం పోయిందని కూడా చెప్పను. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టు గానీ శిక్ష గానీ ఉందా అని అడుగుతారు. టెక్సాస్ టికెట్ క్రిమినల్ కోర్టులో నడుస్తుంది కాబట్టి ఆ ప్రశ్నకు నువ్వు ఏం రాయాలన్నది ఫ్రెండ్స్ గ్రూపులో తేల్చుకునే విషయం కాదు. కేసు ముగిసిన కాగితం పట్టుకుని ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్క అరగంట మాట్లాడు. డిసెంబర్‌లో నువ్వు వెళ్లేసరికి కేసు తెరిచి ఉండటం వేరు, కొట్టేశారన్న ఆర్డర్ చేతిలో ఉండటం వేరు. కోర్స్‌కి 90 రోజులుంటాయని చెప్పాను కదా, అన్ని రోజులూ వాడుకోకు. అనుమతి వచ్చిన వారంలోనే పూర్తి చెయ్.

కేసు ముగిశాక క్లర్క్‌ను సర్టిఫైడ్ కాపీ అడుగు, కోర్టు ముద్ర ఉన్నది. రెండు తీసుకో. ఒకటి స్కాన్ చేసి దాచుకో. రేపు హెచ్1బీ, ఎల్లుండి గ్రీన్ కార్డు, ఆ తర్వాత సిటిజన్‌షిప్, ఏ ఫారంలో ఈ పాత టికెట్ గురించి అడిగినా ఈ కాగితం నీ దగ్గర ఉంటుంది. పదేళ్ల తర్వాత అదే ఊరికి ఫోన్ చేసి పాత ఫైలు తీయమని బతిమాలడం చాలా కష్టం.

డబ్బు పంపే విషయంలో నా అనుభవం ఒకటి చెప్తాను. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక స్నేహితురాలి సీమంతానికి వెళ్లి వస్తుంటే చిన్న కౌంటీలో టికెట్ పడింది. జరిమానాకు మనీ ఆర్డర్ తీసి పోస్టులో వేసి, పని అయిపోయిందనుకున్నాను. దాని మీద కేసు నంబరు రాయలేదు. నా ఇంటిపేరు వాళ్ల రికార్డులో ఒకలా, మనీ ఆర్డర్ మీద ఒకలా ఉంది. ఆ డబ్బు ఎవరిదో తెలియక పక్కన పెట్టేశారు. కట్టేశానని నేను నిశ్చింతగా ఉన్నాను, కట్టలేదని అక్కడ కేసు అలాగే ఉంది. నాలుగు నెలల తర్వాత నోటీసు చూసి రాత్రంతా నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి నేనెవరికి చెప్పినా ఇదే చెప్తాను: మనీ ఆర్డర్ మీద, కవరు మీద, లోపలి ఉత్తరం మీద, మూడు చోట్లా కాజ్ నంబరు రాయండి. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, అందినట్టు సంతకం ఉన్న పచ్చ కార్డు తెప్పించుకోండి. పది రోజులాగి ఫోన్ చేసి, నా కేసు ముగిసినట్టు చూపిస్తోందా అని అడగండి. ఆన్‌లైన్‌లో కట్టే వీలుంటే ఆ లింకు క్లర్క్‌నే అడుగు, గూగుల్‌లో పైన వచ్చిన దాని మీద నొక్కకు. "ట్రాఫిక్ టికెట్ బాకీ, ఆఖరి నోటీసు" అని ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు మోసం. టెక్సాస్‌లో లైసెన్సులు చూసేది డీపీఎస్, రిజిస్ట్రేషన్లు చూసేది డీఎంవీ. నీ టికెట్ డబ్బు కట్టాల్సింది వీళ్లిద్దరికీ కాదు, కోర్టుకు.

ఒకేసారి కట్టే స్థోమత లేకపోతే దాచుకోవద్దు, అడుగు. వాయిదాల్లో కట్టనివ్వొచ్చు, కమ్యూనిటీ సర్వీస్ ఇవ్వొచ్చు. కట్టలేని స్థితిలో ఉన్నవాళ్లకు తగ్గించే అధికారం కూడా జడ్జికి ఉంది.

హోల్డ్ సంగతికి వస్తే, కేసు తేలగానే అది దానంతట అదే ఆ నిమిషంలో పోదు. కోర్టు ఆమ్నీబేస్‌కు చెప్పాలి, వాళ్లు డీపీఎస్‌కు చెప్పాలి. దానికి 10 డాలర్ల ఫీజు వేరే ఉండొచ్చు. కొన్ని పనిదినాలు ఆగి డీపీఎస్ లైసెన్స్ ఎలిజిబిలిటీ పేజీలో చూసుకో, హోల్డ్ పోయాకే రెన్యువల్ అపాయింట్‌మెంట్‌కి వెళ్లు. నీలాంటి వీసా మీద ఉన్నవాళ్లకు లిమిటెడ్ టర్మ్ లైసెన్స్ ఇస్తారు, చాలామందికి ఏడాదికే గడువు. సిటిజన్లకు ఎనిమిదేళ్ల దాకా కనబడని హోల్డ్ మనకు ఏడాది తిరక్కుండానే అడ్డం పడుతుంది. అక్టోబర్ లోపు తేలకపోతే, తేలేదాకా కారు తీయకు. గడువు తీరిన లైసెన్స్‌తో నడిపి ఇంకో టికెట్ తెచ్చుకున్నావంటే జడ్జికి రాసిన విన్నపానికి విలువ ఉండదు. అన్ని రోజులూ రూమ్మేట్‌తో ఆఫీసుకు వెళ్లు.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు నన్ను తరచూ అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను, ఇవే నియమాలు అక్కడ ఉండవు. వర్జీనియాలో 85 దాటినా, లిమిట్ కంటే 20 ఎక్కువ వెళ్లినా అది రెక్లెస్ డ్రైవింగ్, క్లాస్ 1 మిస్‌డిమీనర్. అక్కడ మొదటి రోజే లాయర్ దగ్గరికి వెళ్లండి. జార్జియాలో రెండు లేన్ల రోడ్డు మీద 75 గానీ ఆపైన గానీ, ఏ రోడ్డు మీదైనా 85 గానీ ఆపైన గానీ వెళ్తే కోర్టు జరిమానా కాక రాష్ట్రానికి ఇంకో 200 డాలర్లు కట్టాలి, ఆ నోటీసు తర్వాత విడిగా వస్తుంది. న్యూయార్క్ పల్లెల్లో టౌన్ కోర్టులు కొన్ని వారానికో రెండు వారాలకో ఒక సాయంత్రం మాత్రమే తెరుస్తారు. మీకు టెక్సాస్ లైసెన్స్ ఉండి వేరే రాష్ట్రంలో టికెట్ పడినా వదిలేయడానికి లేదు. చాలా రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది, అక్కడ పట్టించుకోకపోతే ఇక్కడ లైసెన్స్ ఆగుతుంది.

నాన్నగారికి చెప్పాలా వద్దా అని నువ్వు అడగలేదు కానీ, చెప్పలేదని రాశావు. సోమవారం క్లర్క్‌తో మాట్లాడాక చెప్పు. ఇవాళ చెప్తే నీ దగ్గర ఉన్నది భయం మాత్రమే, ఆయనకు గుంటూరులో నిద్ర ఉండదు. కాజ్ నంబరు తెలిసి, కేసు ఒకటా రెండా తేలి, ఏం చేయబోతున్నావో నీకే స్పష్టంగా ఉన్నప్పుడు చెప్తే ఆయన వింటారు. చెల్లి పెళ్లి పనుల మధ్య ఎవరో ఫ్రెండ్ నోటి ద్వారా వినడం కంటే నీ నోటితో వినడం ఆయనకు నయం.

ఇవాళే చేయగలిగిన పని ఇంకొకటుంది. మేలో ఇల్లు మారావు కదా, డీపీఎస్‌లో అడ్రస్ మార్చావా? మారిన 30 రోజుల్లో చెప్పాలి. కోర్టు నుంచి వచ్చే ఉత్తరాలు సాధారణంగా లైసెన్స్‌లో ఉన్న అడ్రసుకే వెళ్తాయి. హోల్డ్ వల్ల డీపీఎస్‌లో ఆన్‌లైన్‌లో మారకపోయినా, క్లర్క్‌కు ఫోన్‌లో కొత్త అడ్రస్ చెప్పి కేసు ఫైల్లో రాయించు. పాత అపార్ట్‌మెంట్ ఆఫీసుకు కూడా ఒకసారి వెళ్లి, నీ పేరు మీద వచ్చిన ఉత్తరాలేమైనా పక్కన పెట్టారేమో అడుగు. కోర్టు నోటీసు అక్కడే ఉండొచ్చు.